టర్బో కారులో ఇగ్నిషన్ టైమింగు: లోడు లెక్క

పెట్రోలు ఇంజనులో స్పార్కు పడగానే సిలిండరులోని గాలీ పెట్రోలూ ఒక్కసారిగా భగ్గుమనవు. ప్లగ్గు కొన దగ్గర చిన్న మంట పుట్టి, అక్కడి నుంచి నలువైపులా పాకుతుంది. సిలిండరు గోడల దాకా పాకేసరికి సెకనులో వెయ్యో వంతుకు రెండు మూడింతల సమయం పడుతుంది. ఇంత చిన్న వ్యవధిని ఎవరు పట్టించుకుంటారు అనిపించవచ్చు. కానీ నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో, సెకనులో వెయ్యో వంతు గడిచేలోపు క్రాంక్ షాఫ్టు 18 డిగ్రీలు తిరిగేస్తుంది. పిస్టను పైకొసకు చేరాక స్పార్కు ఇస్తే, మంట ముదిరేలోపే పిస్టను చాలా కిందికి దిగిపోతుంది. అప్పుడు పుట్టిన పీడనంలో కొంత బలం పొగగొట్టం పాలవుతుంది.

సైకిలు తొక్కేవారికి ఇందులో ఒక సంగతి తెలిసే ఉంటుంది. పెడలు నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు ఎంత బరువు మోపినా చక్రం కదలదు. అది కాస్త ముందుకు వాలాక తొక్కితేనే బలం చక్రానికి అందుతుంది. ఇంజనులోనూ అంతే. సిలిండరులో పీడనం అత్యధికంగా ఉండవలసింది పిస్టను పైకొస దాటి, క్రాంకు మరో 12 నుంచి 16 డిగ్రీలు తిరిగిన చోట. పీడనం అక్కడ పతాక స్థాయికి రావాలంటే నిప్పు దానికి చాలా ముందే అంటుకోవాలి. పైకొసకు ఎన్ని డిగ్రీల ముందు స్పార్కు పడుతుందో అదే ఇగ్నిషన్ టైమింగు. ముందుకు జరిపితే మెకానిక్కుల మాటలో అడ్వాన్సు, వెనక్కి లాగితే రిటార్డు.

ఇంజను వేగం పెరిగితే అడ్వాన్సు పెంచాలన్నది సులువుగానే అర్థమవుతుంది, ఎందుకంటే మంటకు దొరికే సమయం తగ్గుతుంది. చిక్కంతా లోడుతో వస్తుంది. ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో ఉన్న కారులో ఆ చిక్కు రెట్టింపవుతుంది.

ఇక్కడ లోడు అంటే డిక్కీలో వేసిన వేరుశనగ బస్తాల బరువు కాదు. ఒక్కొక్క సిలిండరులోకి ఒక్కొక్క పీల్పులో ఎంత గాలి చేరుతోంది అన్నదే లోడు. బస్తాలు వేస్తే నడిపేవారు యాక్సిలరేటరు ఎక్కువ తొక్కుతారు, గాలి దారిలోని థ్రాటిల్ తలుపు తెరుచుకుంటుంది, గాలి ఎక్కువ చేరుతుంది. బరువుకూ లోడుకూ ఉన్న చుట్టరికం అంతవరకే. ఈ గాలిని కొన్ని కార్లు నేరుగా తూస్తాయి. ఇంజనుకు పోయే దారిలో వేడి తీగ ఒకటి పెట్టి, దాన్ని గాలి ఎంత చల్లారుస్తోందో చూస్తాయి. మరికొన్ని ఇన్‌టేక్ మానిఫోల్డులోని పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచి లెక్క కడతాయి.

ఈ లెక్కకు కళ్లెదుటి ఉదాహరణ పావగడ తాలూకాకు పక్కనే ఉంది. కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టుకున్న ఈ తాలూకాకు తూర్పున పెనుకొండ. ఆ మండలంలోని ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం ఉంది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి వచ్చిన మొదటి కారు సెల్టోస్. అప్పట్లో ఆ ఒకే కారులో రెండు రకాల పెట్రోలు ఇంజన్లు పెట్టారు. ఒకటి 1497 సీసీల మామూలు ఇంజను, దాని టార్కు 144 న్యూటన్ మీటర్లు. రెండోది 1353 సీసీల టర్బో ఇంజను, టార్కు 242. అంటే మామూలు ఇంజను లీటరుకు 96 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే, చిన్నదైన టర్బో ఇంజను లీటరుకు 179 ఇస్తోంది. ఈ తేడాకు మూలం గాలే. ఆ 1353 సీసీలను నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కొక్క దాని వాటా 338 సీసీలు. మామూలు గాలి అయితే అందులో సుమారు 0.4 గ్రాములు పడుతుంది. టర్బో పూర్తిగా ఊదుతున్నప్పుడు దాదాపు రెండింతల గాలి అదే చోట ఇరుక్కుని కూర్చుంటుంది. ట్యూనింగు చేసేవారి భాషలో ఇది 180, 190 శాతం లోడు.

ముందు తేలిక లోడు సంగతి. పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి నుంచి పావగడ వైపు చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, యాక్సిలరేటరు మీద కాలు ఆనీ ఆననట్టు కారు నడుస్తుంటే, థ్రాటిల్ తలుపు కొద్దిగానే తెరుచుకుని ఉంటుంది. శూన్యం నుంచి లెక్కిస్తే మానిఫోల్డులో పీడనం 40 కిలోపాస్కళ్ల చుట్టుపక్కల ఉంటుంది. బయటి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర 101. సుమారు 650 మీటర్ల ఎత్తున ఉన్న పావగడలో అది 94. సిలిండరులోకి వచ్చే గాలి పలచన. దానికి తోడు కిందటి చుట్టులో కాలిన పొగ కొంత లోపలే మిగిలి, కొత్త మిశ్రమాన్ని ఇంకా పలచన చేస్తుంది. మంట నెమ్మదిగా పాకుతుంది. కాబట్టి స్పార్కు చాలా ముందే పడాలి. పైకొసకు 35 డిగ్రీల ముందు, కొన్ని ఇంజన్లలో 40 డిగ్రీల ముందు.

ఇది కంప్యూటర్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. అంబాసిడర్, పాత మారుతి 800 నాటి మెకానిక్కులు ఈ పనిని కళ్లారా చూశారు. వాళ్లు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటరు పక్కన గుండ్రటి చిన్న రేకు డబ్బీ ఉండేది. లోపల పలచని డయాఫ్రం, కార్బొరేటరు నుంచి దానికి సన్నని రబ్బరు గొట్టం. లోడు తక్కువగా ఉన్నప్పుడు మానిఫోల్డులోని వాక్యూము ఆ డయాఫ్రాన్ని లాగేది. అది కాంటాక్టు పాయింట్ల పలకను కొద్దిగా తిప్పేది. స్పార్కు ముందుకు జరిగేది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కగానే వాక్యూము పడిపోయి పలక వెనక్కి వచ్చేసేది. డబ్బీ పని చేస్తోందో లేదో చూడడానికి గొట్టం ఊడదీసి నోటితో పీల్చేవారు. పలక కదిలితే బాగున్నట్టు, గాలి ఊరికే వచ్చేస్తే డయాఫ్రం చిరిగినట్టు. అది చిరిగిన కారు బాగానే పరుగెత్తుతుంది గానీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. లోడుకు తగ్గ టైమింగు లేకపోతే ఏం నష్టమో చెప్పడానికి ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు.

లోడు పెరిగే కొద్దీ కథ తిరగబడుతుంది. గాలి చిక్కబడుతుంది, మిగిలిపోయిన పొగ పాలు తగ్గుతుంది, మంట వేగం అందుకుంటుంది. అందుకే స్పార్కు ఆలస్యంగా పడినా సరిపోతుంది. ఇంతే అయితే ఆలస్యం కొద్ది డిగ్రీలతో తీరిపోయేది. ఇంకా వెనక్కి లాగవలసి రావడానికి కారణం నాకింగ్.

మంట ప్లగ్గు నుంచి పాకుతూ వస్తుంటే, దాని ముందున్న మండని మిశ్రమం గోడల వైపు నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడుకు వేడెక్కుతుంది. మంట చేరేలోపే ఆ వేడి హద్దు దాటితే, మూలనున్న మిశ్రమం తనంతట తానే ఒక్కపెట్టున పేలుతుంది. సిలిండరు గదిలో పీడన తరంగాలు అటూ ఇటూ కొట్టుకుంటాయి. బయటికి టకటకమనే లోహపు చప్పుడు వినిపిస్తుంది. బండి నాకింగ్ కొడుతోంది అంటారే, అదే. ఈ తరంగాలు చేసే అసలు చెరుపు చప్పుడు కాదు. పిస్టను మీదా గోడల మీదా ఉండే పలచని చల్లని వాయువు పొరను అవి చెదరగొడతాయి. ఆ పొరే అల్యూమినియాన్ని ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చింది. అది పోయాక వేడి నేరుగా లోహంలోకి దిగుతుంది. ఇలా దెబ్బతిన్న ఇంజను విప్పితే పిస్టను అంచు ఇసుకతో గీకినట్టు గరుకుగా కనిపిస్తుంది, రింగుల మధ్య గట్టు విరిగి ఉంటుంది. ప్లగ్గు పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనబడతాయి. వాటి మధ్య మెరిసే రవ్వలు కరిగిన పిస్టను తునకలు.

టర్బో ఈ ప్రమాదాన్ని రెండు దారుల్లో పెంచుతుంది. గాలిని ఎక్కువ నింపడం ఒకటి. నొక్కేటప్పుడు దాన్ని వేడెక్కించడం రెండోది. 30 డిగ్రీల వేడి ఉన్న గాలిని పీడనం రెండింతలయ్యేలా నొక్కితే, టర్బోలోని కంప్రెసరు 70 శాతం సామర్థ్యంతో పని చేస్తుందనుకున్నా, బయటికి వచ్చే గాలి సుమారు 125 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలరు దాన్ని 50, 60 డిగ్రీలకు దింపుతుంది, కానీ బయటి గాలి చల్లగా ఉంటేనే. పావగడ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండ 40 డిగ్రీల దరిదాపులకు వస్తుంది. అప్పుడు ఇంటర్‌కూలరుకు కూడా దిక్కు తోచదు. ఎత్తు మరో చిక్కు తెస్తుంది. మానిఫోల్డులో 200 కిలోపాస్కళ్లు కావాలంటే చెన్నై తీరంలో టర్బో గాలిని రెండింతలకు నొక్కితే చాలు. బయటి పీడనం 94 ఉన్న చోట అదే ఫలితానికి 2.13 రెట్లు నొక్కాలి. లోడు అంకె అదే, గాలి మాత్రం ఇంకాస్త వేడి. టైమింగు కూడా ఆ మేరకు వెనక్కి రావాలి.

ఇప్పటి కారులో ఈ లెక్కలన్నీ ఈసీయూ అనే కంప్యూటరులో ఒక పట్టికగా ఉంటాయి. ఒక అంచున ఇంజను వేగం, మరో అంచున లోడు. రెండూ కలిసే గడిలో టైమింగు డిగ్రీలు. రెండు గడుల మధ్య పడితే ఈసీయూ సగటు లెక్క వేసుకుంటుంది. ఇంజనుకు ఇంజనుకు తేడా ఉన్నా, 91 ఆక్టేను పెట్రోలుతో నడిచే టర్బో ఇంజనులో 3000 ఆర్‌పీఎం వరుస దాదాపు ఇలా సాగుతుంది. 40 కిలోపాస్కళ్ల దగ్గర 36 డిగ్రీలు, 100 దగ్గర 22, 190 దగ్గర 8 లేదా 9. తక్కువ వేగం, పూర్తి బూస్టు (టర్బో అదనంగా ఇచ్చే పీడనం) కలిసిన మూలలో కొన్ని ఇంజన్లు పైకొస దాటాకే స్పార్కు ఇస్తాయి. పాత డెల్కో ఎంత మంచిదైనా ఇంత వంపు తిరిగిన పట్టికను అనుసరించలేదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే అమెరికన్ టర్బో కారు నాకింగును ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మేది. ఆ ద్రవం సీసా నింపడం యజమానులు మరిచిపోయేవారు. ఆ కారు ఎక్కువ కాలం అమ్మకంలో లేదు.

ఆ తర్వాతి మలుపు నాకింగును వినే సెన్సరు. 1980ల మొదట్లో స్వీడన్ కంపెనీ సాబ్ తన టర్బో కార్లలో దీన్ని పెట్టి, చప్పుడు వినగానే బూస్టు తగ్గించే ఏర్పాటు చేసింది. ఇంజను బ్లాకుకు బోల్టుతో బిగించిన ఈ సెన్సరు లోహపు కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. ఏ కంపనాన్ని వినాలో సిలిండరు వెడల్పు నిర్ణయిస్తుంది. సెల్టోస్ టర్బో ఇంజను బోరు 71.6 మిల్లీమీటర్లు. అంత గదిలో నాకింగ్ తరంగం సెకనుకు ఏడెనిమిది వేల సార్లు కొట్టుకుంటుంది. అది వినిపించిన సిలిండరులో ఈసీయూ టైమింగును వెంటనే రెండు మూడు డిగ్రీలు వెనక్కి లాగి, ఆ తర్వాత నెమ్మదిగా, కొసరి కొసరి ముందుకు తెస్తుంది.

ఇక ట్యూనింగు. పద్ధతిగా చేసేవారు కారును డైనమోమీటరు రోలర్ల మీదికి ఎక్కించి, వేగాన్నీ లోడునూ ఒకచోట నిలబెట్టి, టైమింగును ఒక్కొక్క డిగ్రీ ముందుకు జరుపుతారు. తేలిక లోడు దగ్గర టార్కు పెరుగుతుంది, ఒకచోట చదునవుతుంది, ఆ పైన తగ్గుతుంది. చదును మొదలైన చోటే ఆ గడికి తగిన అంకె. అంతకు మించి అడ్వాన్సు ఇవ్వడం దండగ. బూస్టు గడుల్లో ఈ చదును దాకా వెళ్లే భాగ్యం ఉండదు. టార్కు ఇంకా పెరుగుతుండగానే హెడ్‌ఫోనులో నాకింగ్ వినిపిస్తుంది. అక్కడ ఆగి రెండు మూడు డిగ్రీలు వెనక్కి రావాలి. వర్కుషాపుల్లో ఒక వాడుక లెక్క ఉంది: బూస్టు ఒక పీఎస్ఐ పెంచితే టైమింగు ఒక డిగ్రీ తగ్గించు. మొదటి అంచనాకు ఇది పనికొస్తుంది గానీ చివరి మాటగా దీన్ని నమ్మకూడదు.

ఇక్కడ ఒక బేరం ఉంది. అసలు అనువైన చోటు నుంచి టైమింగు 5 డిగ్రీలు వెనక్కి వస్తే టార్కులో పోయేది ఒకటి రెండు శాతమే. 10 డిగ్రీలు వెనక్కి వస్తే సుమారు 5, 6 శాతం. 20 డిగ్రీలకు నష్టం బాగా కనబడుతుంది. కాబట్టి బూస్టు కింద చివరి రెండు డిగ్రీల కోసం పాకులాడడం తెలివైన పని కాదు. దొరికేది పిడికెడు, పోయేది పిస్టను. అలాగని బూస్టును ఇష్టం వచ్చినట్టు పెంచి టైమింగును వెనక్కి లాగుతూ పోయినా బాగుండదు. ఆలస్యంగా మండిన వాయువు సిలిండరులో పని చేయకుండా వేడివేడిగా టర్బో చక్రం మీదికి వెళుతుంది. చాలా పెట్రోలు టర్బోలకు 950 డిగ్రీలు మించితే ముప్పు. దాన్ని చల్లార్చడానికి ఈసీయూ అదనపు పెట్రోలు చిమ్ముతుంది. బూస్టు పెంచి సాధించిన బలం ఆ పెట్రోలు బిల్లులో కరిగిపోతుంది. మామూలు పెట్రోలుతో, మన ఎండల్లో నడిచే కారుకు బూస్టు కాస్త తగ్గించి టైమింగును ఆరోగ్యంగా ఉంచడమే మేలు.

ఇంధనం మారితే హద్దు మారుతుంది. 91 ఆక్టేను పెట్రోలుతో పోలిస్తే 95, 100 ఆక్టేను రకాలు నాకింగును ఎక్కువ ఓర్చుకుంటాయి. ఇథనాలు కూడా ఆక్టేను పెంచుతుంది, ఆవిరవుతూ మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. కానీ లీటరులో దాని శక్తి తక్కువ. తేలిక లోడు గడుల్లో ఖరీదైన పెట్రోలు పోసినా మార్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ అడ్డు నిలిచింది నాకింగ్ కాదు. తేడా అంతా బూస్టు గడుల్లోనే తెలుస్తుంది.

ట్యూనింగులో పెద్ద పొరపాట్లు చాలావరకు టైమింగు అంకెలో కంటే లోడు అంకెలోనే జరుగుతాయి. చవకగా దొరికే ట్యూనింగు బాక్సులు చాలావరకు చేసేది ఒకటే. పీడనం సెన్సరుకూ ఈసీయూకూ మధ్య కూర్చుని, ఉన్న పీడనం కంటే తక్కువ అని చెబుతాయి. ఈసీయూ నమ్మి బూస్టు పెంచుతుంది. అంతటితో ఆగదు. లోడు తక్కువే కదా అని పట్టికలో తక్కువ లోడు వరుసకు వెళ్లి, ఎక్కువ అడ్వాన్సు ఉన్న గడిని ఎంచుకుంటుంది. గాలి పెరిగింది, స్పార్కు వెనక్కి రావలసింది పోయి ముందుకు వెళ్లింది. ఇక ఇంజనును కాపాడవలసింది నాకింగ్ సెన్సరు ఒక్కటే. దుమ్మూ నూనే పట్టిన వేడి తీగ కూడా ఇలాంటి అబద్ధమే చెబుతుంది. గాలి ఎక్కువ పోతున్నా తక్కువ అంటుంది. ఈసీయూనే తిరగరాసినా మరో గొయ్యి ఉంది. కంపెనీ పట్టిక 180 శాతం లోడు దగ్గర ముగిసిందనుకుంటే, బూస్టు పెంచి 210కి తీసుకువెళ్లినా ఈసీయూ ఆఖరి వరుసలోని టైమింగునే వాడుతుంది. లోడు వరుసలను ముందు పొడిగించి, వాటిలో వెనక్కి లాగిన అంకెలు నింపాకే బూస్టు జోలికి పోవాలి. కారు వారంటీ పోవడం అన్నది వీటన్నిటికీ పైన ఖర్చు.

టైమింగు తగ్గించినా ఆగని పేలుడు ఒకటి ఉంది. 2000 ఆర్‌పీఎం లోపు, బూస్టు నిండుగా ఉన్నప్పుడు, నూనె చుక్కో మసి రవ్వో స్పార్కు కంటే ముందే నిప్పు అంటిస్తుంది. స్పార్కుకే సంబంధం లేనప్పుడు దాన్ని వెనక్కి లాగి లాభం లేదు. దీనికి మందు ఇంజను ఆయిలులో ఉంది. ఆయిలులోని కాల్షియం రసాయనాలు ఇలాంటి పేలుళ్లను పెంచుతాయని తేలాక 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే ఆయిలు ప్రమాణాలు వచ్చాయి. రెండో మందు నడిపేవారి చేతిలో ఉంది. నిండు బండితో ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో ఉంచి యాక్సిలరేటరు అదిమేకంటే ఒక గేరు దించడం మంచిది. వేగం పెరుగుతుంది, ఒక్కొక్క పీల్పులో లోడు తగ్గుతుంది, టైమింగుకు ఊపిరి ఆడుతుంది. ఊళ్లో సరుకు మోసే పికప్పుల్లో చాలావాటికీ ట్రాక్టర్లకూ ఈ బాధ లేదు. అవి డీజిలువి, స్పార్కే ఉండదు. వాటిలో వెనక్కీ ముందుకీ జరిగేది డీజిలు చిమ్మే క్షణం.

మార్పులు చేసిన కారును చలికాలపు ఉదయం రోలర్ల మీద చూసి సరిపెట్టుకుంటే పరీక్ష సగమే అయినట్టు. మే నెల మధ్యాహ్నం, కారు ఎప్పుడూ తాగే పెట్రోలుతో, వేగం, లోడు, లోపలికి వచ్చే గాలి వేడి, ఒక్కొక్క సిలిండరు టైమింగు అన్నీ రికార్డు చేసి చూడాలి. గేరు మారే క్షణంలో టైమింగు హఠాత్తుగా పడిపోతే కంగారు అక్కరలేదు. ఆటోమేటిక్ గేరుబాక్సు కుదుపు లేకుండా మారడానికి ఈసీయూ కావాలనే టార్కు తగ్గించే పద్ధతి అది. గేరు నిలకడగా ఉండి, లోడు ఎక్కుతుండగా నాలుగు సిలిండర్లలోనూ టైమింగు ఒకేసారి వెనక్కి పోతుంటే తప్పు అందరికీ ఉమ్మడిది. పెట్రోలు రకమో, గాలి వేడో, పట్టికలో ఆశ పడి రాసిన అంకెలో కారణం. ఒక్క సిలిండరే వెనక్కి పోతుంటే పట్టికను ముట్టుకోకుండా, ముందు ఆ సిలిండరు ప్లగ్గునూ ఇంజెక్టరునూ విప్పి చూడాలి.